ఎర్నెస్ట్ బ్లైద్ మీద తెలుగు సభలో నలభై నిమిషాలు మాట్లాడాలంటే

ఐర్లండ్ మాటొస్తే మన సభల్లో ప్రసంగం ఆ దేశపు స్వాతంత్ర్య నాయకుడు డి వలేరా దగ్గర మొదలై డి వలేరా దగ్గరే ముగుస్తుంది. ఆ దేశం తన చేతికి తాను వచ్చిన తొలి పదేళ్ళలో ఖజానా తాళాలు మోసినవారు ఎర్నెస్ట్ బ్లైద్. 1923 నుంచి 1932 దాకా ఆర్థిక మంత్రి. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు సంఘాల్లో ఈయన జీవితం బాగా నప్పుతుంది. సరిహద్దు, నోట్లోంచి జారిపోతున్న భాష, ముసలివాళ్ళ పెన్షన్ – ఈ మూడూ మన శ్రోతలకి విడమరచి చెప్పక్కర్లేని సంగతులు. ఆయన జీవితమంతా ఈ మూడింటి మధ్యే నడిచింది.

కింద ఇచ్చింది నలభై నిమిషాల ప్రసంగానికి సరిపడే సామగ్రి, దాన్ని పేర్చే పద్ధతి. బడిపిల్లల వ్యాసానికైనా ఇదే పనికొస్తుంది, కొలత తగ్గించుకుంటే చాలు.

ముందు పటం గీయండి

జీవిత చరిత్ర చెప్పబోయేవాళ్ళు పుట్టిన తేదీతో మొదలుపెడతారు. ఇక్కడ అలా చేస్తే పది నిమిషాలకే జనం దారి తప్పుతారు. పుట్టిన ఊరు సరిహద్దుకి ఒకవైపు, ఎన్నికైన నియోజకవర్గం ఇంకోవైపు ఉండటమే ఈ కథకి కీలకం. ఆ సంగతి కంటికి కనిపించాలి.

బోర్డు మీద ఐర్లండ్ ఆకారం ఉజ్జాయింపుగా గీసి నాలుగు చుక్కలు పెట్టండి. ఈశాన్యాన బెల్‌ఫాస్ట్ పక్కన లిస్‌బర్న్. దానికి నైరుతిగా మోనహన్. తూర్పు తీరాన డబ్లిన్. దేశానికి నైరుతి మూల సముద్రంలోకి పొడుచుకుపోయిన డింగుల్ ద్వీపకల్పం, అది కెరీ కౌంటీలోది. తర్వాత సరిహద్దు గీత. లిస్‌బర్న్ గీతకి పైన, మోనహన్ కింద పడాలి.

తప్పు జరిగేది ఈ గీత దగ్గరే. ఉత్తర ఐర్లండ్, దక్షిణ ఐర్లండ్ అన్న పేర్లు విని చాలామంది అడ్డంగా ఒక గీత లాగేస్తారు. అసలు దేశం మొత్తంలో ఉత్తరపు కొస డొనెగాల్ కౌంటీలో ఉంది, ఆ డొనెగాల్ ఉన్నది దక్షిణ రాజ్యంలో. మొత్తం 32 కౌంటీలు. 6 బ్రిటన్ కింద మిగిలాయి, 26 కొత్త రాజ్యంలోకి వచ్చాయి. అల్‌స్టర్ ప్రాంతంలోని 9 కౌంటీల్లో 6 అటు, 3 ఇటు – డొనెగాల్, కావన్, మోనహన్. పర్లాకిమిడి శ్రోతలకి ఇది ఒక్కమాటలో ఎక్కుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ మొత్తం ఒకేవైపు రాలేదు. పట్టణమూ కొంత భాగమూ ఒడిశాకి వచ్చాయి, మిగిలింది మద్రాసు వైపు ఉండిపోయింది. పక్కనున్న పాతపట్నం వెళ్ళి రావడమంటే నేటికీ రాష్ట్రం దాటి రావడమే.

పోలిక అక్కడితో ఆపండి. మన సరిహద్దు రెండు రాష్ట్రాల మధ్యది, వాళ్ళది రెండు దేశాల మధ్యది. ఎక్కువ సాగదీస్తే సభలో రెండో వరుసలో కూర్చున్న రిటైర్డు మాస్టారు లేచి దిద్దుతారు, ఆయన దిద్దితే తప్పు ఆయనది కాదు.

పేర్లు, పదవులు

ఇంటిపేరు బ్లైద్ అని పలకండి. ఐరిష్‌లో ఆయన తనని ఎర్నాన్ డ బ్లైడ్ అని రాసుకునేవారు, తర్వాతి రోజుల కాగితాల్లో ఆ పేరే ఎక్కువ కనిపిస్తుంది. రెండూ ఒకరివేనని మొదట్లోనే చెప్పకపోతే ఎవరో ఒకరు రెండో మనిషి ఎవరని అడుగుతారు. పార్లమెంటు దిగువ సభ పేరు డాల్. ఆయన పార్టీ కుమన్ నా గేల్. 1933లో అది మరో రెండు సంస్థలతో కలిసి ఫినా గేల్ అయింది. ఎదుటి పార్టీ డి వలేరా పెట్టిన ఫియనా ఫాల్. ఈ మూడు పార్టీల పేర్లూ చార్టు మీద పెద్దక్షరాల్లో ఉంటే మంచిది, నోటితో చెబితే కలిసిపోతాయి.

బ్లైద్ మంత్రిగా ఉన్నప్పుడు ఆ దేశం పేరు ఐరిష్ ఫ్రీ స్టేట్. రిపబ్లిక్ కాదు, అది 1949 నాటి మాట. ప్రభుత్వాధినేత కాస్‌గ్రేవ్‌ని ప్రధానమంత్రి అని ముక్తసరిగా అనొచ్చు కానీ పదవి పేరు ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అధ్యక్షుడు. ఇప్పుడు వార్తల్లో వినిపించే టీషక్ అన్న పదవి 1937 రాజ్యాంగంతో వచ్చింది. కాబట్టి బ్లైద్‌ని ఉప టీషక్ అని రాసిన అనువాదం చూస్తే కొట్టేయండి. 1927 నుంచి 1932 దాకా ఆయన కౌన్సిల్ ఉపాధ్యక్షుడు.

ఇంకొకటి: తొలి ఆర్థిక మంత్రి బ్లైద్ అనకండి. 1919లో బ్రిటిష్ పాలనని ధిక్కరించి ఏర్పడిన తిరుగుబాటు డాల్ పెట్టుకున్న మంత్రివర్గంలో మొదట కొన్ని నెలలు ఓయిన్ మెక్‌నీల్, ఆ తర్వాత మైకేల్ కాలిన్స్, 1922లో కాలిన్స్ హత్య వేళకి కాస్‌గ్రేవ్, ఆయన చేతి నుంచి 1923 సెప్టెంబరులో బ్లైద్.

నలభై నిమిషాలు ఎలా పంచాలి

రాసుకున్నది నెమ్మదిగా చదివితే నిమిషానికి ఎనభై, తొంభై తెలుగు మాటలు నడుస్తాయి. అంటే మొత్తం మూడున్నర వేల మాటలకి మించకూడదు. పటానికీ పేర్లకీ ఐదు నిమిషాలు. 1918 దాకా బాల్యయౌవనాలకి ఏడు. అంతర్యుద్ధానికి ఐదు. మంత్రి పదవీకాలానికి పదిహేను. తర్వాతి నలభై ఏళ్ళకి ఎనిమిది. ప్రశ్నలకి వేరుగా పావుగంట అట్టేపెట్టమని నిర్వాహకుల్ని ముందే అడగండి. ఈ మనిషి మీద ప్రశ్నలు తప్పకుండా వస్తాయి.

చాలామంది బాల్యానికే పదిహేను నిమిషాలు ఇచ్చేస్తారు, ఆ భాగం సినిమాలా ఉంటుంది కాబట్టి. తీరా బడ్జెట్ల దగ్గరికి వచ్చేసరికి గంట కొడతారు. ఆర్థిక మంత్రి ప్రసంగంలో డబ్బు లెక్క రాకపోతే అది ఎవరి జీవితమైనా కావచ్చు.

లిస్‌బర్న్ నుంచి కెరీ పొలాల దాకా

పుట్టింది 1889 ఏప్రిల్ 13న, ఆంట్రిమ్ కౌంటీలో లిస్‌బర్న్ దగ్గర, రైతు కుటుంబంలో. ప్రొటెస్టెంట్లు. ఈ మాట నొక్కి చెప్పాలి: ఐరిష్ జాతీయవాదులంటే కాథలిక్కులే అనుకునే శ్రోతలకి ఇక్కడే కళ్ళు తెరుచుకుంటాయి. పదిహేనేళ్ళ వయసులో డబ్లిన్ వెళ్ళి వ్యవసాయ శాఖలో కుర్ర గుమాస్తాగా చేరారు. అక్కడే ఐరిష్ భాషని నిలబెట్టడానికి పుట్టిన గేలిక్ లీగ్‌లో ఐరిష్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. అక్కడే రహస్య విప్లవ సంస్థ ఐరిష్ రిపబ్లికన్ బ్రదర్‌హుడ్‌లోకి వెళ్ళారు. ఆయన్ని అందులోకి పిలిచింది తర్వాత పెద్ద నాటకకర్త అయిన షాన్ ఓకేసీ. నాటకానికీ బ్లైద్‌కీ ముడి ఇక్కడ మొదటిసారి పడింది, దీన్ని శ్రోతల చెవిన వేసి ఉంచండి.

తర్వాత ఉత్తరానికి తిరిగి వెళ్ళి బాంగర్‌లో పత్రికా విలేఖరిగా పనిచేశారు. విప్లవ సంస్థలో ఉంటూనే కొంతకాలం దానికి పూర్తిగా ఎదురైన, బ్రిటన్ పక్షాన నిలిచే ప్రొటెస్టెంట్ల సంఘం ఆరెంజ్ ఆర్డర్‌లోనూ సభ్యుడు. ఇది విని సభలో నవ్వులు వస్తాయి, రానివ్వండి.

1913లో భాష పట్టుబడాలని కెరీకి వెళ్ళారు. డింగుల్ ద్వీపకల్పంలో కినార్డ్ అనే ఊళ్ళో టామస్ ఆష్ కుటుంబం పొలంలో కూలిపని చేశారు. పగలు పార పని, చుట్టూ ఐరిష్ తప్ప మాట్లాడని జనం. ఆ టామస్ ఆష్ 1917లో జైల్లో నిరాహారదీక్షలో బలవంతంగా తిండి ఎక్కించడం వల్ల చనిపోయిన నాయకుడే. పర్లాకిమిడిలో ఈ భాగం చెప్పేటప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ఉండలేం; సవర మాట కోసం ఆయన సవరల దగ్గరికే వెళ్ళారు. ఒక్క వాక్యం చాలు, జనమే కలుపుకుంటారు.

ఇక 1916. బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో లేచిన ఈస్టర్ తిరుగుబాటులో బ్లైద్ తుపాకీ పట్టారని రాయకండి. స్వాతంత్ర్యం కోసం పోరాడే ఐరిష్ వాలంటీర్ల దళాలు కూర్చే పనిలో ఊరూరా తిరుగుతున్నందుకు అంతకు కొద్దివారాల ముందే ఆయన్ని ఇంగ్లండుకి బహిష్కరించారు. డబ్లిన్‌లో కాల్పులు జరిగేటప్పటికి ఆయన అక్కడ లేరు.

గిరిగారి సంగతి

బరంపురంలో మాట్లాడితే వి.వి.గిరికీ బ్లైద్‌కీ పరిచయం ఉందా అన్న ప్రశ్న రాకుండా ఉండదు, అందుకే ముందే సిద్ధంగా ఉండాలి. వి.వి.గిరి 1894లో బరంపురంలో పుట్టారు, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు, తిరుగుబాటు తర్వాత 1916లో ఆయన్నీ దేశం వదిలి పొమ్మన్నారు. ఇద్దరి జీవితాల్లోనూ 1913, 1916 ఏళ్ళు పక్కపక్కన పడ్డాయి, ఇద్దరికీ బహిష్కరణ ఒకే ఏడు. అంతవరకూ చెప్పండి, సభ ఉత్సాహపడుతుంది. ఇద్దరూ స్నేహితులనో, కలిసి పనిచేశారనో మాత్రం అనకండి. 1913లో గిరిగారు డబ్లిన్ కాలేజీలో అడుగుపెట్టిన ఏడే బ్లైద్ డబ్లిన్‌కి దేశం అటు చివర కెరీ పొలంలో చేరారు. ఊరి అభిమానంతో చెప్పే ఇలాంటి మాట మరుసటి ఏటి సావనీరులో అచ్చయిపోతుంది, ఆ తర్వాత దాన్ని పీకడం ఎవరి వల్లా కాదు.

అంతర్యుద్ధం, క్లుప్తంగా

1918 డిసెంబరు ఎన్నికల్లో ఉత్తర మోనహన్ నుంచి స్వాతంత్ర్యం కోరే పార్టీ షిన్ ఫేన్ తరఫున గెలిచారు. తిరుగుబాటు ప్రభుత్వంలో వాణిజ్య శాఖ చూశారు. 1921 డిసెంబరులో బ్రిటన్‌తో కుదిరిన, ఫ్రీ స్టేట్‌కి దారి తీసిన ఒప్పందాన్ని సమర్థించారు. ఒప్పందాన్ని ఒప్పుకున్నవాళ్ళకీ ఒప్పుకోనివాళ్ళకీ 1922 జూన్ నుంచి 1923 మే దాకా యుద్ధం జరిగింది. ఆ సమయంలో ప్రభుత్వం 77 మంది ఖైదీలకి మరణశిక్ష అమలు చేసింది. బ్లైద్ ఆ మంత్రివర్గంలో మనిషి, ఆ నిర్ణయాన్ని సమర్థించిన మనిషి. దీన్ని దాటేసి బడ్జెట్లకి వెళ్ళిపోతే ప్రశ్నల సమయంలో దొరికిపోతారు.

అదే మనిషి 1922 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ విధానం మీద ఒక పత్రం రాశారు: బలప్రయోగంతో, ఆర్థిక దిగ్బంధంతో ఉత్తరాన్ని లొంగదీసే ప్రయత్నం మానేయాలి, అక్కడి ప్రభుత్వంతో శాంతిగా ఉండాలి అని. అవతలి గట్టున పుట్టినవాడికి తెలిసినంతగా డబ్లిన్ నాయకులకి ఉత్తరపు ప్రొటెస్టెంట్ల మొండితనం తెలియదు. సొంత పక్షం మీద అంత కఠినంగా ఉన్నవారు ఎదుటి గట్టు మీద మెత్తగా ఉండటం వింతగా కనిపిస్తుంది. రెండు సంగతులనీ ఒకేచోట చెప్పండి.

డబ్బు లెక్క: ఇక్కడ తొందర వద్దు

ముందు కొలతలు. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, అంటే పౌండుకి 240 పెన్నీలు. దీన్ని బోర్డు మీద మూలకి రాసి చెరపకుండా ఉంచండి.

ఇప్పటి రూపాయల్లోకి మార్చకండి. వందేళ్ళ ధరల తేడా కలిపితే ఏ అంకె చెప్పినా తప్పే అవుతుంది. మార్చాలనిపిస్తే ఆనాటి రూపాయల్లోకి మార్చండి: 1927లో మన దేశంలో చట్టంగా ఖాయమైన మారకం రూపాయికి 1 షిల్లింగు 6 పెన్నీలు, అంటే 18 పెన్నీలు. ఆ లెక్కన పౌండు 13 రూపాయల 5 అణాల 4 పైసలు, షిల్లింగు 10 అణాల 8 పైసలు. ఇక్కడ పైస అంటే అణాలో పన్నెండో వంతు, ఇప్పటి పైస కాదు. పాత అణాపైసల లెక్క తెలిసిన పెద్దలుంటే వాళ్ళచేతే పైకి చెప్పించండి.

ఇప్పుడు 1924. అప్పటిదాకా వృద్ధాప్య పెన్షన్ వారానికి 10 షిల్లింగులు. నెలకి కాదు, వారానికి. ఈ పొరపాటు చాలా చోట్ల కనిపిస్తుంది. బ్లైద్ దాన్ని 9 షిల్లింగులు చేశారు, పదో వంతు కోత. మన లెక్కలో 6 రూపాయల 10 అణాల 8 పైసలు వచ్చేచోట సరిగ్గా 6 రూపాయలు. అంతకుముందే, 1923 చివర్లో, బడిపంతుళ్ళ జీతాల్లోనూ పదో వంతు తగ్గించారు. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ తీసుకునేవాళ్ళు కూర్చున్న సభలో ఈ మాట చెప్పాక ఒక నిమిషం ఆగండి.

ఎందుకు కోశారో కూడా చెప్పాలి, లేకపోతే ఆయన్ని దుర్మార్గుడిగా నిలబెట్టినట్టే. అంతర్యుద్ధంలో వంతెనలు, రైలు దారులు, ఇళ్ళు ధ్వంసమయ్యాయి, నష్టపరిహారం కట్టాలి. సైన్యం ఖర్చు విపరీతంగా పెరిగింది. కొత్త రాజ్యం అప్పు తీర్చగలదని బ్యాంకులకి నమ్మకం కుదరాలి. 1923 చివర్లో కోటి పౌండ్ల జాతీయ రుణాన్ని 5 శాతం వడ్డీకి విడుదల చేస్తే అడిగినదానికన్నా ఎక్కువే వచ్చింది. శాఖ కార్యదర్శి జోసెఫ్ బ్రెన్నన్ లాంటి అధికారులు ఖర్చు మీద పట్టు సడలనివ్వలేదు. కొత్త ప్రభుత్వం దివాలా తీస్తుందని లండన్‌లో ఎదురుచూసేవాళ్ళకి జవాబు బడ్జెట్ సమతూకమే అని బ్లైద్ నమ్మకం. ఇది ఆయన పక్షం.

రెండో పక్షం కూడా లెక్కతోనే చెప్పండి. ఆదాయపు పన్ను పౌండుకి 5 షిల్లింగులు ఉండేది, అంటే నాలుగో వంతు. 1920లు ముగిసేసరికి అది 3 షిల్లింగులకి దిగింది. ముసలివాళ్ళ చేతిలోంచి షిల్లింగు తీసుకున్న దశాబ్దంలోనే సంపాదనపరులకి పౌండు మీద రెండు షిల్లింగులు వదిలారు. బ్లైద్ మీద అసలైన అభియోగం ఇదే. ఆ షిల్లింగు ఆయన పార్టీని ఎన్నికల్లో చాలా కాలం వెంటాడింది.

దీని పక్కన 1925 నాటి ఇంకో పద్దు పెట్టాలి. డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌కి 850 పౌండ్ల ప్రభుత్వ గ్రాంటు. కవి యేట్స్, లేడీ గ్రెగరీ నడిపిన నాటకశాల అది. డబ్బు లేక మూతపడే స్థితిలో ఉంది. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో ప్రభుత్వ గ్రాంటు అందుకున్న తొలి నాటకశాల అదేనని నాటక చరిత్రలో రాస్తారు. మన ఆనాటి లెక్కలో 11,333 రూపాయల 5 అణాల 4 పైసలు.

ఇక్కడ సభలోంచి ఎవరో ఒకరు అడిగి తీరతారు: “ఏటి బాబూ, ముసిలోళ్ళ డబ్బులు కోసీసి నాటకాలోళ్ళకి ఇచ్చీసినాడా?” జవాబు కాగితం మీద ఉంచుకోండి. వారానికి షిల్లింగు అంటే ఏడాదికి 52 షిల్లింగులు. 850 పౌండ్లు అంటే 17,000 షిల్లింగులు. భాగిస్తే 327 మందికి ఒక ఏడాది కోత. ఆ దేశంలో పెన్షనర్లు లక్ష పైచిలుకు. కాబట్టి కోసిన సొమ్ము నాటకశాలకి పోలేదు. పోయిందని చెప్పడం లెక్క తప్పు. కానీ ఏ పద్దు మీద కత్తెర పడింది, ఏ పద్దు మీద పడలేదు అన్నది మంత్రి మనసు చెబుతుంది. అది లెక్కతో తేలేది కాదు, సభనే తేల్చుకోనివ్వండి.

నాణేల సంగతి చెప్పేటప్పుడు ఫొటోలు తప్పకుండా చూపించండి, ఈ ప్రసంగంలో పిల్లలు ముందుకి జరిగేది ఇక్కడే. 1926 నాణేల చట్టం బ్లైద్ హయాంలోనిది. నమూనాల ఎంపికకి యేట్స్ అధ్యక్షుడిగా సంఘం వేశారు. గెలిచింది పెర్సీ మెట్‌కాఫ్ బొమ్మలు. 1928 డిసెంబరులో నాణేలు జనం చేతికి వచ్చాయి. ఒకవైపు వీణలాంటి హార్ప్. రెండోవైపు విలువలో పెద్ద నాణెం నుంచి చిన్నదాకా: హాఫ్ క్రౌన్ (రెండున్నర షిల్లింగులు) మీద గుర్రం, ఫ్లోరిన్ (రెండు షిల్లింగులు) మీద సాల్మన్ చేప, షిల్లింగు మీద ఎద్దు, ఆరు పెన్నీల మీద వుల్ఫ్‌హౌండ్ కుక్క, మూడు పెన్నీల మీద కుందేలు, పెన్నీ మీద పిల్లలతో కోడిపెట్ట, అర పెన్నీ మీద పిల్లలతో పంది, ఫార్దింగ్ (పావు పెన్నీ) మీద ఉడ్‌కాక్ పిట్ట. రాజు తల లేదు, సాధువు లేడు, నాయకుడు లేడు. మతచిహ్నాలు లేవని అప్పట్లో కొందరు గింజుకున్నారు. పెన్నీ మీద కోడిపెట్ట పక్కన పిల్లలు కనిపించేంత పెద్దగా ఫొటో వేయించండి, చిన్నదైతే వెనక వరుసకి మచ్చలా కనిపిస్తుంది.

బొమ్మలు మారాయి, విలువ మారలేదు. 1927 కరెన్సీ చట్టం ఐరిష్ పౌండుని బ్రిటిష్ పౌండుకి ఒకటికి ఒకటిగా కట్టేసింది. స్వతంత్రం వచ్చాక కూడా ఎందుకలా అంటే, అప్పట్లో ఎగుమతుల్లో సింహభాగం బ్రిటన్‌కే పోయేది, బ్యాంకుల ఆస్తులు లండన్‌లోనే ఉండేవి. జాగ్రత్తపరుడైన మంత్రి అంతకన్నా సాహసం చేయడు.

షానన్ నది జలవిద్యుత్ పథకాన్ని బ్లైద్ ఖాతాలో వేయకండి. 1925లో చట్టం, జర్మన్ సంస్థ సీమెన్స్ నిర్మాణం, 1929లో ఆర్డ్‌నక్రూషా కేంద్రం ప్రారంభం, 52 లక్షల పౌండ్ల అంచనా. దాని వెనక నిలబడిన మంత్రి పాట్రిక్ మెక్‌గిలిగన్. బ్లైద్ డబ్బు సమకూర్చారు, అంతవరకే.

సరిహద్దు, చర్చిల్, అప్పు

1921 ఒప్పందంలో ఉత్తర ఐర్లండ్ గీత ఎక్కడుండాలో తేల్చే సరిహద్దుల సంఘం అన్న షరతు ఉంది. 1925 నవంబరులో దాని నివేదిక ముందే ఒక లండన్ పత్రికకి పొక్కింది. ఉత్తరం నుంచి పెద్దగా ఏమీ రాదని, పైగా ఇటువైపు కొంత అటు పోతుందని తేలి గొడవ లేచింది. డిసెంబరు 3న లండన్, డబ్లిన్, బెల్‌ఫాస్ట్ ప్రభుత్వాలు మూడూ కూర్చుని గీతని ఉన్నచోటే ఉంచేశాయి. నివేదిక 1969 దాకా అచ్చు కాలేదు. బదులుగా బ్రిటిష్ జాతీయ రుణంలో ఐర్లండ్ వాటా మాఫీ. విమర్శకులు దీన్ని భూమి అమ్మి అప్పు తీర్చుకోవడం అన్నారు.

ఆ వెంటనే 1926 మార్చిలో తుది ఆర్థిక ఒప్పందం. బ్రిటన్ తరఫున సంతకం విన్‌స్టన్ చర్చిల్, ఐర్లండ్ తరఫున బ్లైద్. పాత భూసంస్కరణల కింద రైతులు తీసుకున్న అప్పుల కిస్తీలు ఏటా సుమారు 30 లక్షల పౌండ్లు లండన్‌కి పంపుతూ ఉండాలని ఖాయమైంది. 1932లో గద్దెనెక్కిన డి వలేరా ఈ కిస్తీలే ఆపేశారు, దాంతో 1938 దాకా రెండు దేశాల మధ్య సుంకాల యుద్ధం నడిచింది. శ్రోతల్లో డి వలేరా అభిమానులుంటే ఇక్కడ రెండు మాటలు ఎక్కువ చెప్పండి, లేదంటే దాటండి.

మంత్రి పదవి పోయాక

1932 మార్చిలో ప్రభుత్వం మారింది. 1933 జనవరిలో మోనహన్ సీటు కూడా పోయింది. 1936లో సెనేట్ రద్దయ్యేదాకా సెనేటరు. ఇక్కడ మీకు ఇబ్బందికరమైన భాగం వస్తుంది: బ్లూషర్టులు. ఓయిన్ ఓడఫీ నాయకత్వంలో నీలం చొక్కాల దళం, ఇటలీ తరహా ఊరేగింపులు, వందనాలు. బ్లైద్ దానికి పత్రికలో రాసి సిద్ధాంతం అందించినవారిలో ఒకరు. 1940ల్లో కూడా అలాంటి ధోరణి ఉన్న ఒక ఐరిష్ భాషాభిమాన పార్టీ మీద సానుభూతి చూపారు. భాషాప్రేమికుల సభలో ఈ సంగతి చెప్పడానికి నోరు రాదు. చెప్పాలి. దానికి సమర్థనా, శాపనార్థాలూ రెండూ అక్కర్లేదు, ఏళ్ళతో సహా చెబితే చాలు.

మిగతా జీవితం నాటకశాలలో గడిచింది. గ్రాంటు ఇచ్చిన మంత్రి 1935లో అదే ఆబీ పాలకవర్గంలో చేరారు, 1941 నుంచి 1967 దాకా మేనేజింగ్ డైరెక్టరు. కొత్తగా చేరే నటులకి ఐరిష్ వచ్చితీరాలని పట్టుబట్టారు. ఏటా ఐరిష్‌లో వినోద నాటకం వేయించారు. ఫలితం? భాష వచ్చిన నటులు దొరికారు, గొప్ప నటులు కొందరు బయటే ఉండిపోయారు. ఇల్లూ వంటగదీ చుట్టూ తిరిగే తేలిక నాటకాలు ఎక్కువయ్యాయని విమర్శ. 1947లో ప్రదర్శన మధ్యలో కవి వాలెంటిన్ ఐరిమాంగర్ లేచి నాటకశాల దిగజారిందని అరిచి బయటికి నడిచారు. 1951 జులైలో భవనం కాలిపోయింది. పదిహేనేళ్ళు అద్దె హాల్లో నెట్టుకొచ్చి 1966 జులైలో కొత్త భవనం తెరిచారు. ఇల్లు తగలబడినా నాటకం ఆపకుండా పదిహేనేళ్ళు నడిపించడం పొదుపరి ఆర్థిక మంత్రికే చేతనవుతుంది. కొత్త నాటకాల్ని గుర్తుపట్టే కన్ను మాత్రం ఆయనకి లేదు. 1975 ఫిబ్రవరి 23న డబ్లిన్‌లో పోయారు. ఆత్మకథని ఇంగ్లీషులో కాకుండా తాను నేర్చుకున్న భాషలో రాశారు.

చేతికిచ్చే కాగితం

ఏ-ఫోర్ ఒక్క కాగితం, రెండు వైపులా. ముందు వైపు పటం, కింద పది తేదీలు: 1889, 1913, 1916, 1918, 1923, 1924, 1925, 1928, 1932, 1941. వెనక వైపు పౌండు–షిల్లింగు–పెన్నీ పట్టిక, పైన చేసిన రెండు భాగహారాలు, నాణేల బొమ్మలు.

టైపు చేసింది వర్డ్ ఫైలుగా డీటీపీ షాపుకి పంపకండి. సరిహద్దుకి ఇటువైపు షాపుల్లో ఒడియా, ఇంగ్లీషు ఫాంట్లే ఉంటాయి. తెలుగు ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే వత్తులు విడిపోయి, గుడులు పక్కకి జారి వస్తాయి. ఇంట్లోనే పీడీఎఫ్ చేసి ఫాంటు లోపల పొదిగి పంపండి. ముందు ఒక్క ప్రతి తీయించి ‘ఆర్థిక’, ‘రాష్ట్ర’, ‘షిల్లింగు’ మాటలు చూడండి. ఈ మూడూ సరిగ్గా వస్తే మిగతావి సాధారణంగా వస్తాయి. తర్వాతే వంద కాపీలు.

ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు, లిపి దగ్గర ఆగిపోతారు. అందుకని పది తేదీల పక్కన విషయాన్ని ఒడియా లిపిలో కూడా ఒక వరుస వేయించండి. మాట తెలుగే ఉంచి లిపి మాత్రం ఒడియా వాడితే వాళ్ళు పైకి చదువుకోగలుగుతారు. ఐరిష్ పేర్లు మాత్రం రెండు లిపుల్లోనూ ఒకేలా పలికేటట్టు ముందే సరిచూసుకోండి. ఒడియాలో మాట చివరి హల్లుకి హలంతం పెట్టకపోతే పక్కన అకారం వచ్చి చేరుతుంది. బ్లైద్ కాస్తా బ్లైద అయిపోతుంది.